వాద్యం, గురువు, ఉపాధి: ఎవరిని ఏం అడగాలి, ఎలా అడగాలి

విజయదశమి దగ్గర పడుతున్నప్పుడూ, వేసవి సెలవులు మొదలయ్యేటప్పుడూ నాకు ఫోన్లు ఎక్కువగా వస్తాయి. నేను వయొలిన్ నేర్పుతాను. అందుకని తెలిసినవాళ్ళూ, వాళ్ళకు తెలిసినవాళ్ళూ అడుగుతుంటారు. "మాస్టారూ, మా పాపకి ఏ వాద్యమైతే బాగుంటుంది?" "మా అల్లుడు అమెరికా నుంచి వస్తూ వయొలిన్ తెస్తానంటున్నాడు, తెమ్మంటారా?" "బీటెక్ మానేసి సంగీతంలోకి వెళ్తానంటున్నాడండీ మావాడు, చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చెప్పమంటారు?"

ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే నా వల్ల కాదు. చెప్పినా అది వాళ్ళకు పనికిరాదు. ఇన్నేళ్ళలో నేను చూసిందేమిటంటే, సలహా అడగకుండా చెడిపోయినవాళ్ళు తక్కువ. అడగాల్సిన మనిషిని అడగకో, సగం సంగతులే చెప్పి అడిగో ఇబ్బంది పడ్డవాళ్ళే ఎక్కువ.

నా మొదటి వయొలిన్ కథే అలాంటిది. నాకప్పుడు పదకొండేళ్ళు. మా నాన్నగారు బంధువుల్లో బాగా పాడే ఒకాయనను అడిగారు. "పెద్దదే కొనెయ్యి, పిల్లాడు ఎదుగుతాడుగా" అన్నాడాయన. ఆయన గాత్రం నిజంగా మంచిది, వయొలిన్ మాత్రం ఎప్పుడూ చేత్తో పట్టింది లేదు. ఊళ్ళో దుకాణంలో నిండు సైజు వయొలిన్ కొన్నాం. నా చెయ్యి చాలక మణికట్టు వంచి వాయించడం అలవాటైంది. రెండేళ్ళ తర్వాత ఒక గురువుగారు చూసి, "ముందు ఈ చెయ్యి సరిచేసుకో, తర్వాత వర్ణం" అన్నారు. వర్ణం అంటే మొదటి పాఠాలు దాటాక వచ్చే పెద్ద రచన. సరిచేసుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాది ఇంకొకరికి వృథా కాకూడదని ఇదంతా రాస్తున్నాను. కర్ణాటక సంగీతం నాకు తెలిసిన ఇల్లు కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడి నుంచే ఇస్తాను.

మొదటి మెట్టు: అడిగే ముందు ఒక కాగితం మీద రాసుకోండి

"ఏ వాద్యం మంచిది?" అంటే ఎవరైనా తాము వాయించేదే మంచిదంటారు. నేనైనా అంతే. మీ సంగతులు చెబితేనే అవతలి మనిషి తన ఇష్టాన్ని పక్కనపెట్టి మీ గురించి ఆలోచించగలడు.

నేర్చుకునేవాళ్ళ వయసు, ఇంతకుముందు ఏమైనా నేర్చుకున్నారా, రోజుకు నిజంగా ఎంతసేపు సాధన కుదురుతుంది, ఇల్లు అపార్ట్‌మెంటా సొంతిల్లా, ఎంత డబ్బు పెట్టగలరు, ఏ ఊళ్ళో ఉంటారు: ఇవి రాయండి. సాధన సమయం దగ్గర చాలామంది గంట అని రాస్తారు. బడి, ట్యూషన్, హోంవర్క్ పోను మిగిలేది ఇరవై నిమిషాలైతే ఇరవై అనే రాయండి. ఇరవై నిమిషాలకు తగ్గ సలహా కూడా ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. నేర్చుకోవాలని ఎవరికి ఉంది? పిల్లలకా, మనకా? మనకు చిన్నప్పుడు తీరని కోరిక పిల్లల మీద పెట్టడం తప్పని నేననను, చాలా ఇళ్ళలో సంగీతం అలాగే బతికింది. కానీ సలహా అడిగేటప్పుడు ఆ మాట దాచకూడదు. మనకే ఉంటే మనమే నేర్చుకోవచ్చు కూడా. నా దగ్గర రిటైరయ్యాక వయొలిన్ మొదలుపెట్టినవాళ్ళున్నారు.

ఈమధ్య ఒకావిడ పంపిన మెసేజ్ నాకు బాగా నచ్చింది. పేర్లూ ఊళ్ళూ తీసేసి ఇస్తున్నాను. "మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఏడాదిగా గాత్రం నేర్చుకుంటున్నాడు, జంట స్వరాలు (మొదటి పాఠాల్లో ఒకటి) అయ్యాయి. పాడేటప్పుడు పళ్ళెం మీద, బెంచీ మీద దరువేస్తుంటాడు. రోజూ అరగంట కూర్చుంటాడు. మాది మూడో అంతస్తు ఫ్లాట్, పక్కింట్లో పెద్దవాళ్ళున్నారు. ఇప్పటికి పది వేలు పెట్టగలం. మృదంగమా, వయొలినా? గాత్రం ఆపాలా, రెండూ నడపాలా?" దీనికి జవాబు చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. గాత్రం ఆపవద్దు, మృదంగం మొదలుపెట్టండి, సాధన సాయంత్రం పూట పెట్టుకోండి, పక్కింటివాళ్ళకు ముందే ఒక మాట చెప్పండి అన్నాను. దరువు సంగతి ఆవిడ రాయకపోయి ఉంటే నేను వయొలినే అని ఉండేవాణ్ణి.

రెండో మెట్టు: ఏ ప్రశ్న ఎవరికి

గురువుకు చెయ్యి తెలుసు, గొంతు తెలుసు, పిల్లల ఓపిక తెలుసు. వాద్యం చేసేవాళ్ళకూ, బాగుచేసేవాళ్ళకూ చెక్క తెలుసు. కచేరీల్లో పక్కవాద్యం వాయించేవాళ్ళకు ఈ వృత్తిలో డబ్బు ఎలా వస్తుందో, ఎప్పుడు రాదో తెలుసు. సంగీత కళాశాలలో ఇప్పుడు చదువుతున్న విద్యార్థికి తరగతులు నిజంగా ఎలా జరుగుతున్నాయో తెలుసు. ఒకరి ప్రశ్న ఇంకొకరికి వెయ్యవద్దు. గొప్ప విద్వాంసుడికి పరీక్ష ఫీజు కట్టే గడువు తెలియకపోవచ్చు, అది కళాశాల ఆఫీసులోనే అడగాలి. దుకాణంలో "మంచి గురువు ఎవరు" అని అడిగితే అక్కడ తరచుగా కొనేవారి పేరు చెబుతారు.

మీకంటే రెండేళ్ళు ముందు అదే దారిలో వెళ్ళినవాళ్ళను చాలామంది మరిచిపోతారు. గురువుగారింటి వరండాలో కూర్చుని ఎదురుచూసే తల్లిదండ్రులతో ఒక సాయంత్రం మాట్లాడండి. వయొలిన్ వాయించే ఏ కమాను విరిగింది, ఏ పరీక్షకు ఎంత టెన్షన్ పడ్డారు, పిల్లలు ఎప్పుడు మానేస్తామన్నారు, మళ్ళీ ఎలా కూర్చున్నారు, ఇవన్నీ వాళ్ళ దగ్గర తాజాగా ఉంటాయి.

ఎంతమందిని అడగాలి? నా లెక్కలో ముగ్గురు. పదిమందిని అడిగితే పది దారులు కనబడి కాలు కదలదు.

మూడో మెట్టు: వాద్యం ఎంచుకోవడం

ఏ వాద్యమైనా ముందు కొన్నాళ్ళు గాత్రం నేర్చుకుంటే మంచిదన్నది నా గట్టి అభిప్రాయం. మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే మొదటి పాఠాలు నోటితో పాడినవాళ్ళకు వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెబుతుంది. కొందరు గురువులు నేరుగా వాద్యమే చేతికిస్తారు. ఆ పద్ధతిలోనూ మంచి వాద్యకారులు వచ్చారు కాబట్టి ఇది నా అభిప్రాయమనే చెబుతున్నాను.

వయొలిన్ మనది కాదు, యూరప్ నుంచి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చినవారిలో ముఖ్యులు. మనం కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తాం. తంతులను స ప స ప అని శ్రుతి చేస్తాం, అంటే ఆ స్వరాలు పలికేలా బిగిస్తాం. దీనికి వేలు పెట్టే చోటు చూపే మెట్లుండవు. వేలు వెంట్రుకవాసి జరిగినా అపస్వరమే. అందుకే మొదటి ఏడాది ఇంట్లోవాళ్ళకు కూడా ఓర్పు కావాలి. ఆ ఏడాది దాటితే మాత్రం ఉపాధి కోణంలో దీనంత అక్కరపడే తంత్రీ వాద్యం మన సంగీతంలో లేదు. ప్రతి గాత్ర కచేరీకి పక్కన ఒక వయొలిన్ కావాలి. ఇక దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి కచేరీ చేయించిన ఘనత మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారిది. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరేనాటికి ఆయనకు ముప్పయ్యేళ్ళు కూడా నిండలేదు. చూపు సరిగా లేని మనిషి.

వీణకు మెట్లుంటాయి, మొత్తం ఇరవై నాలుగు. నాలుగు తంతుల మీద వాయిస్తాం, మూడు తాళానికి. స్వరం తొందరగా పలుకుతుంది కాబట్టి మొదట్లో వీణ తేలిక అనిపిస్తుంది. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకం దగ్గర కష్టం మొదలవుతుంది. తంతిని పక్కకు లాగి పై స్వరాన్ని అందుకోవాలి, వేళ్ళ చివర కాయలు కాస్తాయి. మోసుకెళ్ళడం కష్టం, రైల్లో మరీ కష్టం. పక్కవాద్యంగా పిలవరు కాబట్టి కచేరీ అవకాశాలు తక్కువ. ఇవన్నీ తెలిసి కూడా వీణే కావాలన్నవాళ్ళను ఆపకండి. ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యులు చిట్టిబాబు గారు తూర్పుగోదావరి గడ్డ మీద పుట్టినవారు. ఆ నాదం చెవిన పడ్డవాళ్ళకు ఇంకో వాద్యం పేరు చెప్పినా వినరు.

మృదంగం కొనే ముందు శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరస్థాయి, సంగతి తెలియాలి. మగవారి గాత్రానికి తగ్గు శ్రుతి, ఆడవారి గాత్రానికి హెచ్చు శ్రుతి మృదంగం కావాలి. కచేరీలకు వెళ్ళే స్థాయి వచ్చాక రెండూ ఉండాల్సిందే. కాబట్టి మొదటిది గురువుగారు చెప్పిన శ్రుతిలోనే కొనండి. ఎడమ వైపు రవ్వ ముద్ద పెట్టడం, అయ్యాక తీసి శుభ్రం చెయ్యడం, రెండు వైపులా ఉండే తోలు మూతలు పాడైతే మార్పించడం, ఈ ఖర్చూ శ్రమా ముందే లెక్కలో వేసుకోండి. మీకు దగ్గర్లో మూతలు మార్చేవాళ్ళు ఎవరున్నారన్నది కొనే రోజునే అడగాలి.

వేణువు అన్నిటికంటే చవక, సంచీలో పడుతుంది. కానీ ఒక్కో వేణువు ఒక్కో శ్రుతికే. చిన్న వేళ్ళకు పెద్ద వేణువు రంధ్రాలు మూతపడవు, గాలి లీకై కీచుమంటుంది. చిన్న పిల్లలైతే హెచ్చు శ్రుతి వేణువుతో మొదలుపెట్టాలి.

కీబోర్డు గురించి ఎక్కువమంది అడుగుతారు. సినిమా పాటలు, పాశ్చాత్య సంగీతం, స్వరకల్పన, రికార్డింగు వైపు వెళ్ళాలంటే చాలా మంచిది. అరవై ఒక్క మీటలు, వేలి ఒత్తిడిని బట్టి ధ్వని మారే గుణం, ఈ రెండూ ఉన్నది కొనండి. కర్ణాటక సంగీతం నేర్చుకోవడానికి మాత్రం నేను సలహా ఇవ్వను. రెండు స్వరాల మధ్య జారే గమకం దాని మీటల్లో లేదు. కీబోర్డు పక్కనుండే చక్రం తిప్పి కొంత తెప్పిస్తారు, కొందరు అద్భుతంగా తెప్పిస్తారు కూడా, కానీ మొదటి వాద్యంగా వద్దు.

"ఈ వాద్యం మన సంగీతానికి పనికిరాదు" అని నేను ఇంత గట్టిగా చెబుతున్నప్పుడే నాకు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు గుర్తొస్తారు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఏమిటన్నారు అందరూ. ఆయన విద్యుత్ మాండలిన్ తీసుకుని, తంతుల అమరిక మార్చుకుని, గమకం పలికించారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు, శిష్యుడు అది విని వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్ గారికి తొమ్మిదేళ్ళు. కాబట్టి పిల్లలు ఒక వాద్యం కోసం పదే పదే అడుగుతుంటే నాలాంటివాళ్ళ మాట ఒక మెట్టు తగ్గించి తూచండి.

నాలుగో మెట్టు: కొనడం

వయొలిన్‌కు ముందు కొలత. ఎడమ చెయ్యి పక్కకు చాచి, మెడ దగ్గర నుంచి అరచేతి మధ్య వరకు టేపుతో కొలవండి. సుమారు ఇరవై మూడు అంగుళాలు, ఆపైన ఉంటే నిండు సైజు. ఇరవై రెండు దగ్గరైతే ముప్పాతిక, ఇరవై దగ్గరైతే సగం సైజు. మధ్యలో ఉంటే చిన్నదే తీసుకోండి. "ఎదుగుతాడుగా" అన్న మాట బట్టల దుకాణంలో పనికొస్తుంది, ఇక్కడ పనికిరాదు. పిల్లలు ఎదిగాక చిన్న వయొలిన్ గురువుగారి దగ్గరే ఇంకో పిల్లాడికి అమ్ముడైపోతుంది.

దుకాణంలో చూడాల్సినవి: మెడ తిన్నగా ఉందా, కంటి ఎత్తున పట్టుకుని చూడండి. తంతులు బిగించే బిరడలు తిప్పితే బిగువుగా తిరిగి ఆగుతున్నాయా, జారుతున్నాయా. బ్రిడ్జి నిటారుగా ఉందా, మరీ ఎత్తుగా ఉంటే తంతి నొక్కడానికి పిల్లల వేళ్ళు నొప్పెడతాయి. వెనక అతుకుల దగ్గర వేలితో తట్టండి, గరగరమంటే అతుకు ఊడుతున్నట్టు. కమాను నిలువునా వంకర లేకుండా ఉండాలి. కమానుకు రాసే రోజిన్, అదనపు తంతులు, గట్టి పెట్టె కూడా ఆ ధరలోనే అడగండి. నేను చూస్తున్నంతలో మొదటి వయొలిన్‌కు ఐదు నుంచి పది వేల మధ్య పెడితే చాలు. అంతకంటే ఖరీదైనది మూడేళ్ళు వాయించాక, తేడా మీ చెవికే తెలిశాక కొనండి.

వీణ కొనడానికి వీలైతే చేసే ఊరికే వెళ్ళండి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. గుండ్రటి కుండ, పొడవాటి దండి కలిపి ఒకే పనస దుంగలో తొలిచేది ఏకాండి వీణ. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నూజివీడులోనూ వీణలు చేస్తారు. అక్కడికి వెళ్తే చెక్క ఎంతకాలం ఆరిందో అడగవచ్చు, పచ్చి చెక్కతో చేసింది తర్వాత వంగుతుంది. మెట్లను మైనం మీద నిలుపుతారు కాబట్టి ఎండలో కారులో వదిలేస్తే మైనం కరిగి మెట్లు కదులుతాయి. మళ్ళీ మెట్లు సరిచేయడం అందరికీ రాదు. "ఏడాదికోసారి మెట్లు ఎవరు చూస్తారు?" అని కొనేటప్పుడే అడిగి నంబరు రాసుకోండి. ఒక జాగ్రత్త, ఆ ఊళ్ళలో బహుమతిగా ఇచ్చే చిన్న అలంకార వీణలు కూడా చేస్తారు. అవి అందమైనవి, వాయించడానికి కాదు.

ఏ వాద్యమైనా సరే, నేర్పబోయే గురువుకు చూపించకుండా డబ్బు కట్టవద్దు. గురువు దూరంగా ఉంటే వీడియో కాల్‌లోనైనా చూపించండి. "నచ్చకపోతే వారంలో తిరిగిస్తాం" అన్న మాట రాసి ఇమ్మనండి. విదేశం నుంచి తెచ్చే వయొలిన్ గురించి అడిగినవారికి నా జవాబు ఇదే: అల్లుడుగారికి ముందు పాప చేతి కొలత పంపండి.

ఐదో మెట్టు: గురువు

వెంటనే చేరిపోకండి. ఒక తరగతి వెనక కూర్చుని చూడనిస్తారా అని వినయంగా అడగండి. తప్పు వాయించినప్పుడు గురువు ఏం చేస్తున్నారో చూడండి. తానే వాయించి చూపిస్తున్నారా, ఎక్కడ తప్పిందో చెబుతున్నారా, కోప్పడి వదిలేస్తున్నారా? శిష్యులు ఆధార స్వరం పలికే శ్రుతిపెట్టె పెట్టుకుని వాయిస్తున్నారా? ఐదారేళ్ళుగా నేర్చుకుంటున్నవాళ్ళు ఉన్నారా? ఉంటే అది అన్నిటికంటే మంచి సాక్ష్యం.

గురువుగారిని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడి ఆగవద్దు. "ఫీజు నెలకా, తరగతికా? మీరు ఊళ్ళో లేనప్పుడు ఎలా? పాఠం రికార్డు చేసుకోవచ్చా? పరీక్షలు రాయిస్తారా? ఇంట్లో మేమేం చూడాలి?" నేనైతే ఈ ప్రశ్నలు అడిగే తల్లిదండ్రులను చూసి సంతోషిస్తాను. అడగనివాళ్ళే మూడు నెలలకు మనసులో ఏదో పెట్టుకుని మాయమవుతారు.

గురువు మారాలనుకుంటే చెప్పి మారండి. "అయ్యగారూ, ఇంతవరకు మీ దగ్గర నేర్చుకున్నాం, ఫలానా కారణం వల్ల వెళ్తున్నాం, ఆశీర్వదించండి" అని పండూ తాంబూలంతో చెప్పి వెళ్ళిన శిష్యులకు ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

డాలస్‌లోనో సిడ్నీలోనో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్ళకు ఒక మాట. శబ్దం రావడానికి కొంత ఆలస్యం పడుతుంది కాబట్టి గురువుతో కలిసి వాయించడం కుదరదు, ఒకరి తర్వాత ఒకరు వాయించాలి. తాళం అక్కడే దెబ్బతింటుంది. వారానికోసారైనా ఆ ఊళ్ళోని తెలుగు, తమిళ పిల్లలతో కలిసి కూర్చుని వాయించే ఏర్పాటు చేసుకోండి. ఫోను పక్కనుంచి పెట్టండి, గురువుకు కమాను చెయ్యి మొత్తం కనబడాలి.

ఆరో మెట్టు: వాయించింది వినిపించి అభిప్రాయం అడగడం, చెప్పడం

పూర్తి కృతి రికార్డు చేసి "ఎలా ఉందో చెప్పండి" అని పంపితే "చాలా బాగుంది" అనే జవాబే వస్తుంది. రెండు నిమిషాల ముక్క పంపండి. శ్రుతి వెనక వినబడేలా రికార్డు చెయ్యండి. ఒకే ప్రశ్న అడగండి. "పల్లవి రెండో సంగతిలో, అంటే వరుస మార్చి వాయించే చోట, కాలప్రమాణం (వేగం) పరుగెత్తుతోందా?" "ఈ గాంధారం కాస్త తక్కువగా పలుకుతోందా?" అంత సూటిగా అడిగితే ఎంత పెద్దవారైనా ఆగి వింటారు.

చెప్పేవాళ్ళం మనమైతే శ్రుతి, లయ, గమకం, సాహిత్యం, ఈ వరుసలో వినండి. శ్రుతి నిలవని చోట మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే సంగీతం, గురించి మాట్లాడి లాభం లేదు. ఎక్కడ తప్పిందో చోటు చెప్పాలి, ఎలా సరిచెయ్యాలో ఒక సాధన చెప్పాలి. "నీకు లయ లేదు" అన్న మాట ఎనిమిదేళ్ళ పిల్లకు ఎనభై ఏళ్ళు గుర్తుంటుంది. "చరణం దగ్గర తాళం జారుతోంది, వారం రోజులు చేత్తో తాళం వేస్తూ నోటితో స్వరం చెప్పు, తర్వాత వాయించు" అంటే అదే తప్పు, కానీ చేతికి పని దొరికింది.

నచ్చనిదానికీ తప్పుకూ తేడా చెప్పండి. ఒక బాణీలో ఒక రాగానికి ఒక రకం ప్రయోగం ఉంటుంది, ఇంకో బాణీలో ఇంకోలా ఉంటుంది. మా గురువుగారు అలా వాయించరు కాబట్టి అది తప్పనకూడదు. "మా పాఠాంతరంలో, అంటే మాకు నేర్పిన పాఠంలో, ఇలా ఉంది, మీ గురువుగారిని ఒకసారి అడగండి" అంటే చాలు.

ఏడో మెట్టు: ఇది జీవనోపాధి అవుతుందా?

అవుతుంది. కచేరీల మీద మాత్రమే బతకాలంటే అతి కొద్దిమందికే కుదురుతుంది. నేను చూసిన వాద్యకారుల్లో ఎక్కువమంది రెండు మూడు పనులు కలిపి ఇల్లు నడుపుతున్నారు: పాఠాలు, పక్కవాద్యం, నాట్య ప్రదర్శనలకు వాయించడం, రికార్డింగు. ఈ మాట పిల్లలకు పదో తరగతిలోనే చెప్పాలి, భయపెట్టడానికి కాదు, ఏర్పాటు చేసుకోవడానికి.

చదువు దారి ఇలా ఉంటుంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆపై డిప్లొమా రెండేళ్ళు. విజయనగరంలో మహారాజా కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న కళాశాల, హైదరాబాద్ రామ్‌కోటిలో త్యాగరాజ కళాశాల, తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల పేరున్నవి. ఘంటసాల గారు చదువుకున్నది విజయనగరంలోనే. పై చదువులకు ఆంధ్ర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఎంఏ తర్వాత నెట్ పరీక్షలో సంగీతం ఒక సబ్జెక్టు, అది గట్టెక్కితే కళాశాల అధ్యాపక పోస్టులకు అర్హత. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచరు పోస్టులుంటాయి, వాటికి సంగీతంలో డిగ్రీ కావాలి. చేరే ముందు మీరు కట్టబోయే కోర్సు ఆ ఉద్యోగ ప్రకటనలో చెల్లుతుందో లేదో పాత ప్రకటన ఒకటి తెచ్చుకుని చూడండి. డిప్లొమా చేతిలో పెట్టుకుని, డిగ్రీ అడిగిన చోట నిలబడి బాధపడ్డవాళ్ళను చూశాను.

ఆకాశవాణి గ్రేడు విలువైనది. ఆడిషన్‌లో నెగ్గితే బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడులు. దాంతో నెల జీతం రాదు, అప్పుడప్పుడు కార్యక్రమం, దానికి పారితోషికం. అయినా కచేరీలు పెట్టే సభలవారు పిలిచేటప్పుడు చూస్తారు, గ్రేడు పేరుతో పాఠాలకు శిష్యులొస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనాలు రెండు గుర్తుపెట్టుకోండి. సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక వనరుల, శిక్షణ సంస్థ) వారు పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఇచ్చేది ఒకటి, పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ యువ కళాకారులకు రెండేళ్ళపాటు ఇచ్చేది ఇంకొకటి. అర్హత ఉండి కూడా గడువు దాటాక తెలుసుకునేవాళ్ళే ఎక్కువ.

నాదస్వరం, డోలు నేర్చుకున్నవాళ్ళకు గుళ్ళూ పెళ్ళిళ్ళూ ఉన్నాయి. తిరుపతిలో దేవస్థానం వారు వీటికోసం ప్రత్యేకంగా పాఠశాల నడుపుతున్నారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడి దేశమంతా పేరు తెచ్చుకున్న వాద్యం ఇది. మధ్యతరగతి ఇళ్ళలో ఈ వాద్యం పేరెత్తేవాళ్ళే లేరు. నాకది బాధగా ఉంటుంది. వాద్యాలు బాగుచేసే పని కూడా అంతే. వయొలిన్ బ్రిడ్జి చెక్కడం, వీణ మెట్లు సరిచేయడం, మృదంగం మూతలు వెయ్యడం వచ్చినవాళ్ళ కోసం ఊళ్ళు దాటి వెళ్తున్నాం. చెయ్యి నేర్పు ఉన్న పిల్లలు ఈ పని వైపు చూడాలని మనసారా కోరుకుంటున్నాను.

బీటెక్ మానేస్తానన్న అబ్బాయి సంగతికి వస్తాను. నేను అతన్ని మూడు పనులు చెయ్యమన్నాను. ఒకటి, ఈ వృత్తిలో ఉన్న ముగ్గురిని కలిసి నెలకు ఎన్ని పాఠాలు, ఎన్ని కచేరీలు, ఏ నెల ఖాళీ అని అడిగి రాసుకోవాలి. రెండు, ఒక సెమిస్టరు పాటు చదువు మానకుండానే రోజూ మూడు గంటలు సాధన చేసి చూపించాలి. మూడు, ఒక రేడియో ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టాలి. తండ్రిని ఒక్కటే అడిగాను, ఆ ఆరు నెలలు ఈ విషయం మీద ఇంట్లో గొడవ పెట్టుకోవద్దని. అబ్బాయి ఇప్పుడు డిగ్రీ పూర్తి చేస్తున్నాడు, వారాంతాల్లో నాట్య ప్రదర్శనలకు మృదంగం వాయిస్తున్నాడు, ఆడిషన్ రెండోసారి ఇస్తానంటున్నాడు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ రెండేళ్ళలో వాద్యం పూర్తిగా అటకెక్కించే ఇళ్ళకు కూడా ఇదే చెబుతాను. ఆ రెండేళ్ళు రోజుకు అరగంట ఉంచండి, వేళ్ళు మరిచిపోకుండా ఉంటాయి.

ఎనిమిదో మెట్టు: సలహాలు ఒకదానికొకటి పొసగనప్పుడు

ముగ్గురూ మూడు రకాలుగా చెబితే, ఒక్కొక్కరినీ మళ్ళీ వెళ్ళి "మీరు అలా ఎందుకన్నారు?" అని అడగండి. కారణం చెప్పగలిగినవారి మాట పైన పెట్టండి. ఆ కారణం మీ కాగితం మీద రాసుకున్న సంగతులకు తగులుతుందో లేదో చూడండి. వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయమైతే తొందరగా తీసుకోండి, వేణువు కొనడం లాంటిది. వెనక్కి తీసుకోలేనిదైతే, చదువు మానడం లాంటిదైతే, ఆరు నెలలు ఆగండి.

ఆ తర్వాత సలహా ఇచ్చినవాళ్ళకు ఏం జరిగిందో చెప్పండి. ఇది ఎవరూ చెయ్యరు. రెండేళ్ళ కిందట ఒకావిడ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి వాళ్ళమ్మాయికి వీణా, వయొలినా అని అడిగారు. చిన్న ఫ్లాట్ కదా, వీణకు చోటుండదు, వయొలిన్ అన్నాను. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ ఫోన్ చేశారు. "మీరు వద్దన్నా పాప వీణే అందండీ. మంచం పక్కన గోడకు ఒక బల్ల కొట్టించి దాని మీద పెడుతున్నాం. గీతాల పాఠాలు అయ్యాయి. మీకు చెప్పాలనిపించింది." ఇప్పుడు చిన్న ఫ్లాట్‌లో వీణ గురించి ఎవరైనా అడిగితే నేను చోటు మాట ఎత్తడం లేదు. ఆవిడను అడిగి, ఒప్పుకుంటే ఆవిడతోనే మాట్లాడిస్తున్నాను. ఆ బల్ల ఎంత పొడవు, ఎంత ఎత్తులో కొట్టించారో ఆవిడ కొలతలతో సహా చెబుతున్నారు.